జ్వరాల సీజన్‌లో డబ్బులు ముట్టుకోవడం గురించి

పేరెంట్స్ అందరికీ నమస్కారం.

ఊరంతా జలుబు, దగ్గు, జ్వరాలే, మన క్లాసుల్లోనూ బెంచీలు ఖాళీగా కనిపిస్తున్నాయి. ఫీజు కౌంటర్ దగ్గర రోజూ ఎవరో ఒకళ్ళు, నోట్లు ముట్టుకుంటే వైరస్ అంటుకుంటుందా మేడం అని అడుగుతున్నారు. ఒకావిడైతే నోట్లన్నీ శానిటైజర్‌తో తడిపేసి తెచ్చారు, ఇంకొకాయన కవర్లో పెట్టి దూరం నుంచే బల్ల మీద వేసేసి వెళ్ళిపోయారు. పిల్లల గురించిన భయం కదా, నాకు అర్థమవుతుంది.

విషయం ఏంటంటే నోటు మీద వైరస్ కొంతసేపు బతికి ఉండే మాట నిజమే. 2020లో ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఓ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ వాళ్ళు ల్యాబ్‌లో చూస్తే, చీకట్లో 20 డిగ్రీల దగ్గర కరోనా వైరస్ నోట్ల మీద వారాల తరబడి ఉంది, అదే 40 డిగ్రీల దగ్గర రెండ్రోజుల్లోపే పోయింది. అది ల్యాబ్ లెక్క, మన బెజవాడ ఎండలో బీరువా బయట ఉన్న నోటు సంగతి వేరు. ఫ్లూ, కరోనా లాంటివి ఎక్కువగా వచ్చేది పక్కనున్న మనిషి దగ్గు, తుమ్ము వల్లే. నోటు పట్టుకున్నంత మాత్రాన ఏమీ కాదు, ఆ చేత్తోనే కళ్ళు నలుపుకుంటేనో, ముక్కు తుడుచుకుంటేనో, నోట్లో వేలు పెట్టుకుంటేనో అసలు ఇబ్బంది.

కాబట్టి ముందు మనం మానుకోవాల్సింది వేలికి ఉమ్మి తడి చేసుకుని నోట్లు లెక్కపెట్టడం. ఇది మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి బాగా అలవాటు, గట్టిగా చెప్పండి, కావాలంటే గిన్నెలో తడి స్పాంజి ముక్క పెట్టుకోమనండి, మన కౌంటర్లో కూడా అదే పెట్టాం. అమ్మమ్మలు, నానమ్మలు డబ్బులు కొంగున ముడేసుకుని ఆ కొంగుతోనే మనవడి మూతి తుడుస్తారు, దయచేసి ఈ కొన్నాళ్ళు దానికో చిన్న రుమాలు వేరేగా పెట్టుకోమని చెప్పండి. చిన్న క్లాసుల పిల్లలు రూపాయి బిళ్ళ నోట్లో పెట్టుకుంటారు, గొంతులో అడ్డం పడే ప్రమాదం కూడా ఉంది, కాబట్టి యూకేజీ దాకా అసలు డబ్బులివ్వకండి. పెద్ద పిల్లలకిస్తే లంచ్ బ్యాగులో స్పూన్ పక్కన కాకుండా జామెట్రీ బాక్సులోనో చిన్న పర్సులోనో పెట్టివ్వండి. సాయంత్రం పానీపూరీ బండి దగ్గర డబ్బులిచ్చిన చేత్తోనే తినేస్తున్నారు, అది మాత్రం ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాల్సిందే.

నోట్లు ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం, ఓవెన్లో పెట్టడం ఇవేమీ వద్దండి, 2020లో దక్షిణ కొరియాలో కొంతమంది మైక్రోవేవ్‌లో పెట్టి నోట్లు కాల్చేసుకున్నారు. నోటుని కాదు, చేతులు కడగండి. సబ్బుతో 20 సెకన్లు, గోళ్ళ సందులు కూడా. బయట నీళ్ళు లేనప్పుడు శానిటైజర్ వాడొచ్చు, ఆల్కహాల్ కనీసం 60 శాతం ఉందో లేదో సీసా మీద చూడండి, కానీ వాంతులు విరేచనాలు తెచ్చే కొన్ని వైరస్‌ల మీద అది సరిగ్గా పనిచెయ్యదు, సబ్బే నయం. ఇంకోటి, డెంగీ కూడా వైరల్ జ్వరమే గానీ దోమ వల్ల వస్తుంది, దానికి నోట్లతో సంబంధం లేదు, కూలర్లో నీళ్ళు, డాబా మీద పాత టైర్లు చూసుకోండి.

ఫోన్‌లో కట్టగలిగినవాళ్ళు అలాగే కట్టండి, రద్దీ తగ్గుతుంది. కానీ మన పేరెంట్స్‌లో కాళేశ్వరరావు మార్కెట్లో కూరగాయలు అమ్మేవాళ్ళు, ఆటోనగర్ షెడ్లలో పనిచేసేవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ కష్టం చేతికొచ్చేది నోట్లలోనే. క్యాష్ తెచ్చారని ఎవర్నీ వెనక్కి పంపం, ఎవరి డబ్బునీ దూరం నుంచి తీసుకోం, స్టాఫ్‌కి ఈ మాట స్పష్టంగా చెప్పాను. ఎక్కడైనా మీకు అలా జరిగితే నేరుగా నా రూముకి రండి.

కౌంటర్ పక్కనున్న కుళాయి దగ్గర సబ్బు పెట్టించాం, డబ్బు కట్టాక కడుక్కుని వెళ్ళండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉంటే ఫీజు కోసం ఇప్పుడు రావద్దు, తగ్గాకే కట్టండి, లేట్ ఫైన్ వెయ్యం. పిల్లలకి ఒళ్ళు వెచ్చగా ఉంటే అటెండెన్స్ కోసమని పంపకండి.

మీ
హెడ్ మిస్ట్రెస్