కాలెట్ చక్‌లో లోపం, వాపసు తీసుకోనని మీరు చెప్పిన కారణంపై ఫిర్యాదు

బాలానగర్,
హైదరాబాద్.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

గత నెల మీ దగ్గర ఈఆర్32 కాలెట్ చక్ (లేత్ మీద కోసే ముక్కను, అంటే జాబ్‌ను, పట్టుకునే సాధనం), దాన్ని లేత్‌కు బిగించే బీడు బ్యాక్ ప్లేట్, జాబ్ చుట్టూ బిగిసే ఎనిమిది కాలెట్లు కలిపి 6,850 రూపాయలకు సెట్‌గా కొన్నాను. చక్‌లో లోపం ఉందని రెండుసార్లు ఫోన్ చేశాను, డయల్ (తిరిగేటప్పుడు తేడాను ముల్లుతో చూపే గేజి) రీడింగుల ఫొటోలు పంపాను. "బ్యాక్ ప్లేట్‌ను మీరు టర్నింగ్ చేశారు కాబట్టి వాపసు తీసుకోము" అని మీ వాళ్లు మెయిల్ పెట్టారు. చక్ చెడిపోయినదానికన్నా ఈ జవాబే నన్ను ఎక్కువ బాధపెట్టింది. బ్యాక్ ప్లేట్ టర్నింగ్ చేయకుండా, అంటే లేత్ మీద కోసుకోకుండా, ఆ చక్ నా లేత్ మీద ఎక్కదు. మీ పెట్టెలో వచ్చిన కాగితంలోనే, ప్లేటును ఎవరి స్పిండిల్‌కు (లేత్‌లో తిరిగే ఇరుసుకు) వాళ్లు బిగించుకుని, చక్ వెనకున్న 72 మి.మీ. రిసెస్‌కు (గుంటకు) సరిపడా మెట్టు కోసుకోవాలని రాసి ఉంది. అలా కోసి బిగిస్తే తప్ప చక్ ఔట్ ఉందో లేదో, అంటే నడిమధ్యన తిరగకుండా పక్కకు ఊగుతోందో లేదో తెలియదు. కోస్తే వాపసు లేదంటున్నారు. మరి లోపమున్న చక్ వచ్చినవాడు ఏం చేయాలి?

నాది నేనొక్కడినే నడుపుకునే చిన్న షాపు. పంపులకు స్టెయిన్‌లెస్ షాఫ్టులు, బుష్‌లు చేస్తాను. ఒక చివర టర్నింగ్ అయ్యాక జాబ్ తిప్పి పట్టుకుంటే నా పాత త్రీ జా (మూడు దవడల) చక్ మీద 0.06 నుంచి 0.08 మి.మీ. ఔట్ వస్తోంది. ఆ బాధ తప్పుతుందనే కాలెట్ చక్ కొన్నాను. మీ ప్రకటనలో 0.015 మి.మీ. లోపే ఉంటుందని ఉంది.

తప్పు నా లేత్‌ది అని మీ టెక్నీషియన్ గారు అన్నారు కాబట్టి ఏం చేశానో వివరంగా రాస్తున్నాను. ముందు స్పిండిల్‌కు డయల్ పెట్టాను, ఔట్ 3 మైక్రాన్లు (0.003 మి.మీ.). బ్యాక్ ప్లేట్‌ను స్పిండిల్ మీదే ఉంచి ఫేసింగ్ చేశాను (ముఖం చదును చేశాను), మెట్టు కోశాను. చివరి కోతలు చాలా సన్నగా తీసుకుంటూ, చక్‌ను పెట్టి చూసుకుంటూ, చేత్తో నొక్కితే కూర్చునేంత టైట్‌గా వచ్చేదాకా తెచ్చాను. దానికే ఒక పూట పట్టింది. ప్లేటును స్పిండిల్ నుంచి తీయకుండానే మళ్లీ డయల్ పెడితే మెట్టు మీద, ఫేస్ మీద 5 మైక్రాన్లు దాటలేదు. బీడు పొడి అంతా తుడిచి చక్ బిగించాను. నట్టు, కాలెట్ ఏవీ పెట్టకుండా నేరుగా లోపలి టేపర్ (కాలెట్ కూర్చునే, లోపలికి సన్నబడే రంధ్రం) మీద లివర్ డయల్ ఆనించి స్పిండిల్‌ను చేత్తో తిప్పాను. 90 మైక్రాన్లు! నా పాత చక్కే నయం.

అప్పుడు ముల్లు ఎక్కువగా లేచే చోట చక్ మీద మార్కర్‌తో గీత పెట్టాను. బోల్టులు మూడే కాబట్టి చక్‌ను విప్పి 120 డిగ్రీలు తిప్పి బిగించాను, మళ్లీ ఇంకో 120 తిప్పాను. ప్రతిసారీ ముల్లు ఆ గీత దగ్గరే లేచింది. తప్పు స్పిండిల్‌లోనో ప్లేటులోనో ఉంటే గీత మారాలి కదా. చక్‌తో పాటే తప్పు తిరుగుతోంది.

ఈ సంగతి ఫోన్‌లో చెబితే మీ టెక్నీషియన్ గారు మెట్టును ఇంకో 0.2 మి.మీ. తగ్గించి, తట్టి సెంటర్ చేసుకోమన్నారు. ఆయన మాట మీద 71.8కి తగ్గించాను. తట్టగా తట్టగా టేపర్ మూతి దగ్గర 10 మైక్రాన్లకు వచ్చింది. సంతోషపడ్డాను. ఆ తర్వాత 12 మి.మీ. కాలెట్‌ను ముందు నట్‌లో క్లిక్‌మనేలా ఎక్కించి, గ్రైండింగ్ చేసిన రాడ్డు పట్టించాను. మూతి నుంచి 50 మి.మీ. దూరంలో 60 మైక్రాన్లు వచ్చింది. కాలెట్‌ను సగం చుట్టు తిప్పి పెట్టినా ముల్లు చక్‌లో అదే వైపు లేచింది. అంటే టేపర్ ఒక పక్కకు జరిగి ఉండటమే కాదు, చక్ వెనక ఫేస్‌కు వంకరగా కూడా గ్రైండ్ అయింది. జరిగినదాన్ని తట్టి సరిచేయొచ్చు. వంకరను ఎంత తట్టినా సరిచేయలేం. మీ మాట విని ఆ మెట్టు తగ్గించినందుకు ఇప్పుడు బ్యాక్ ప్లేట్ కూడా ఇంకో చక్‌కు పనికిరాకుండా పోయింది.

ఈ టెన్షన్‌లో 200 షాఫ్టుల ఆర్డరు సమయానికి ఇవ్వలేకపోయాను. దాని డబ్బు మిమ్మల్ని అడగడం లేదు. చక్, బ్యాక్ ప్లేట్ రెండూ మార్చి ఇవ్వండి, పంపే ముందు టేపర్‌కు డయల్ పెట్టి ఆ రీడింగ్ రాసిన కాగితం జత చేయండి. అది కుదరకపోతే 6,850 రూపాయలు తిరిగి ఇవ్వండి. ప్లేటు కోస్తే వాపసు లేదనే నిబంధన అలాగే ఉంచుతారా, అయితే కొనేముందే కనబడేలా పెద్ద అక్షరాలతో పెట్టండి.

ఇది వ్యాపారానికి కొన్న వస్తువు, వినియోగదారు చట్టం వర్తించదని కూడా మీ వాళ్లు ఫోన్‌లో అన్నారు. సొంత చేతులతో పని చేసుకుని బతకడానికే కొన్న వస్తువును వ్యాపార అవసరంగా చూడకూడదని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. నా షాపులో నేను తప్ప పనివాళ్లెవరూ లేరు. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా కమిషన్‌కు వెళ్తాను.

బిల్లు, మీ మెయిల్, రీడింగుల ఫొటోలు జత చేశాను. చక్‌కు నూనె రాసి మీ పెట్టెలోనే పెట్టాను, గీత చెరపలేదు. మీ మనిషిని పంపితే నా లేత్ మీద ఆయన చేతికే డయల్ ఇచ్చి చూపిస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్