ఆయిల్ అయిపోతోందని గట్టిగా చెప్పకపోతే

సంపాదకులకు నమస్కారం.

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం గురించి మీ పేపర్లో వార్త వచ్చిన ప్రతిసారీ మా హనుమకొండ చౌరస్తాలో చాయ్ బండి దగ్గర భూముల రేట్ల ముచ్చటే నడుస్తుంది. మొన్న మాత్రం మాట విమాన ప్రమాదాల మీదికి మళ్లింది. ఇంధనం అయిపోయి కూలిన విమానాలు కూడా ఉన్నాయని నేనంటే అందరూ నవ్వారు. "విమానం ఏమన్నా లూనానా సార్, నడిమిట్ల ఆగిపోవడానికి" అన్నాడొకాయన. అందుకే రాస్తున్నా.

1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వచ్చిన ఏవియాంకా 52 విమానం సంగతి చూడండి. వాతావరణం బాగాలేక దాన్ని గంటకు పైగా ఆకాశంలోనే తిప్పారు, ఒకసారి దిగబోయి రన్‌వే కనబడక మళ్లీ పైకి లేచింది, ఆ తర్వాత నాలుగు ఇంజిన్లూ ఆగిపోయి లాంగ్ ఐలాండ్‌లో ఒక గుట్ట మీద పడింది. 158 మందిలో 73 మంది పోయారు. ట్యాంకుల్లో చుక్క లేదు కాబట్టి మంటలు కూడా రాలేదు. కెప్టెన్ తన పక్కనున్న కో పైలట్‌తో ఎమర్జెన్సీ అని చెప్పమన్నాడు. అతను మాత్రం కింద ఉన్న కంట్రోలర్లకు ఆయిల్ అయిపోతోందని మామూలు మాటలా చెప్పాడు, ఎమర్జెన్సీ అనే మాట మాత్రం వాడలేదు. చెప్పావా అని కెప్టెన్ అడిగితే చెప్పానన్నాడు. అంత రద్దీలో, తిరిగే ప్రతి విమానానికీ ఆయిల్ తగ్గుతూనే ఉంటుంది కదా, వాళ్లకెలా తెలియాలి?

నేనైతే దీన్ని మొహమాటమే అంటా. మనకు బాగా తెలిసిన జబ్బే. చాలా ఏళ్ల కింద కరీంనగర్ నుంచి రాత్రి ఒక ప్రైవేటు బస్సులో వస్తున్నా. క్లీనర్ పిల్లగాడు రెండుసార్లు "అన్నా, బంకు వస్తంది" అన్నాడు. డ్రైవర్ పలకలేదు, వాడు మూడోసారి అనలేదు. హుజూరాబాద్ దాటాక బండి ఆగింది. డీజిల్ తెచ్చి పోసినా స్టార్ట్ కాలేదు, పైపుల్లో ఎయిర్ పట్టింది, తెల్లారేదాకా రోడ్డు మీదే కూర్చున్నాం. "ఆయిల్ లేదు, ఆపు" అని వాడు ఒక్కసారి అని ఉంటే సరిపోయేది, కానీ జీతమిచ్చేటోడి పక్కన కూర్చుని అట్లా అనగలడా!

2016 నవంబర్ 28న బొలీవియా నుంచి కొలంబియాలోని మెడెయిన్ నగరానికి వెళ్తూ కూలిన లామియా కంపెనీ విమానంలో ఇది ఇంకా ఘోరం. ప్రయాణం 4 గంటల 22 నిమిషాలు, ట్యాంకులో ఉన్న ఇంధనం కూడా సరిగ్గా 4 గంటల 22 నిమిషాలకేనని ఫ్లైట్ ప్లాన్ కాగితం మీదే రాసి ఉంది. జెట్ విమానం దిగేటప్పటికి కనీసం అరగంట ఆయిల్ మిగలాలన్నది రూలు. పైలటే కంపెనీలో వాటాదారు, మరి వద్దని ఎవరు ఆపుతారు? చపెకోయెన్స్ ఫుట్‌బాల్ జట్టుతో సహా 71 మంది చనిపోయారు, బతికింది ఆరుగురే.

ఇవన్నీ ఎక్కడో జరిగినవి అనుకునేవాళ్లకు ఒకటి గుర్తుచేస్తా. 1993 నవంబర్ 15న మద్రాసు నుంచి హైదరాబాద్ వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం అక్కడ దిగలేక వెనక్కి తిరిగింది, దిగేటప్పుడు రెక్కల నుంచి బయటికి చాచే ఫ్లాప్స్ అనే పలకలు పూర్తిగా లోపలికి పోకపోవడంతో ఇంధనం మామూలు కంటే ఎక్కువ తాగి, తిరుపతి దగ్గర వరి పొలంలో దిగింది. లోపలున్న 262 మందీ బతికారు.

ఇప్పుడు పైలట్లు "మేడే ఫ్యూయల్" అని మూడు మేడేలతో చెప్పాలని నియమం వచ్చింది. మేడే అంటే ప్రాణాపాయంలో ఉన్నామని రేడియోలో చెప్పే మాట. అది అంటే ఇక ఎవరూ ఆలోచించరు, దారి ఇచ్చేస్తారు. మీ విలేకరులకు నా విన్నపం ఒక్కటే. మామునూరు మీద ఈసారి రాసేటప్పుడు ఎకరం ధరతో పాటు, చలికాలం మంచులో ఇక్కడ దిగలేకపోతే విమానం ఎటు పోవాలి, అందుకు ఎంత ఆయిల్ పట్టుకుని బయల్దేరాలి అన్నది కూడా అధికారుల్ని అడిగి రాయండి. చాయ్ బండి దగ్గర నేను చదివి వినిపిస్తా.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ