శ్రావ్యకి, పచ్చళ్ళతో పాటు

చిరంజీవి శ్రావ్యకి,

అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నాన్నకి మోకాలి నొప్పి మామూలే, మాత్ర వేసుకోమంటే వినకపోవడమూ మామూలే. వాసు పదిహేనో తారీఖున డాలస్ బయల్దేరుతున్నాడు. అతని చేత ఆవకాయ, గోంగూర, కందిపొడి పంపుతున్నాను. ఆవకాయ సీసా మూత కింద ప్లాస్టిక్ కాగితం బిగించాను, చూసి తియ్యి. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటావేమో, నువ్వు ఎత్తితేగా.

కిట్టు ఏదో అన్నాడు, నువ్వు గోల్ఫ్ కిట్ అమ్మకానికి పెట్టావని. కిట్టు మాటలు మనకి కొత్తా? నేను పట్టించుకోలేదు. ఆ సంగతి అలా ఉంచు.

సంక్రాంతికి ముందు పంపిన నీ గోల్ఫ్ వీడియోలు మళ్ళీ ఆపి ఆపి చూశాను. "అన్నీ ఎడమకే పోతున్నాయమ్మా" అని రాశావు కదా, అన్నీ ఒకే రకంగా పోవట్లేదు. వెడ్జ్‌తో, అదే దగ్గర దూరానికి వాడే క్లబ్‌తో, కొట్టినవి బయల్దేరడమే ఎడమకి బయల్దేరి, వంపు లేకుండా తిన్నగా పోతున్నాయి. అది పుల్. డ్రైవర్‌తో, అదే అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్‌తో, కొట్టినవి కుడికి బయల్దేరి, సగం దూరం పోయాక ఎడమకి మెలిక తిరుగుతున్నాయి. అది హుక్. బంతి పడిన చోటు కాదు, బయల్దేరిన వైపు చూడు. ఆ వైపుని నిర్ణయించేది చాలామటుకు క్లబ్ ఫేసే, అంటే బంతికి తగిలే ముఖమే. ఐరన్లతో (ఇనప తల క్లబ్బులతో) ముప్పాతిక వంతు, డ్రైవర్‌తో ఇంకా ఎక్కువ. తర్వాత ఎటు వంగుతుందన్నది ఫేసుకీ స్వింగ్ పాత్‌కీ (క్లబ్ ఊగే దారికీ) ఉన్న తేడాని బట్టి ఉంటుంది. రెండూ కలిసి ఎడమకి చూస్తే పుల్. పాత్ కుడికి పోతుంటే ఫేస్ దానికంటే ఎడమకి మూసుకుని ఉందా, హుక్.

ముందు వెడ్జ్ సంగతి. ఆ ఐరన్ సెట్ నువ్వు కొన్నది ఆరడుగులు దాటిన మనిషి దగ్గర. నువ్వేమో మీ నాయనమ్మ పొడుగు. పొడుగు వాళ్ళకి లై యాంగిల్, అంటే క్లబ్ కర్రకీ నేలకీ మధ్య కోణం, నిటారుగా పెట్టిస్తారు. అదే క్లబ్ నువ్వు పట్టుకుంటే హీల్ (కర్ర వైపు మూల) నేలకి ఆని టో (అవతలి కొస) పైకి లేస్తుంది. టో లేస్తే ఫేస్ ఎడమకి చూస్తుంది. లాఫ్ట్, అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం, ఎంత ఎక్కువుంటే ఈ తేడా అంత ఎక్కువ. నీకు వెడ్జ్ పోయినంత ఎడమకి ఐదో ఐరన్ పోకపోవడం అందుకే. పరీక్ష సులువు: బంతి మీద మార్కర్‌తో లావుగా ఒక గీత గియ్యి, అది నిలువుగా ఫేస్ వైపు ఉండేలా పెట్టి కొట్టు. ఫేస్ మీద అచ్చు నిలువుగా పడితే లై సరిగ్గా ఉన్నట్టు, వాలితే తప్పినట్టు. మ్యాట్ మీద కూడా చెయ్యొచ్చు. వాలితే ఫిట్టింగ్ షాపులో మిషను మీద వంచి ఇస్తారు. ఫోర్జ్‌డ్ (కొట్టి మలిచిన) హెడ్లు బాగా వంగుతాయి, కాస్ట్ (పోత పోసిన) హెడ్లు ఒకటి రెండు డిగ్రీలకి మించి వంచనివ్వవు. ముందే అడుగు, విరిగాక అడిగి లాభం లేదు.

లై సరిగ్గానే ఉండి ఇంకా పుల్ అయితే భుజాలు చూసుకో. బంతి మరీ ముందుకి పెడితే భుజాలు ఎడమకి తెరుచుకుంటాయి, పాత్ కూడా వాటి వెంటే పోతుంది. వెడ్జ్‌కి బంతి పాదాల మధ్యన చాలు. బంతికి జానెడు వెనకాల, నాలుగంగుళాలు అవతలగా ఖాళీ హెడ్‌కవర్ పెట్టి కొట్టు. క్లబ్ బయట నుంచి కోసుకుంటూ వస్తే దానికి తగులుతుంది.

ఆఫీసులో ఏమన్నా జరిగిందా? పద్మత్త వాళ్ళ అల్లుడి కంపెనీలో చాలామందిని తీసేశారట. జరిగితే జరిగిందిలే, చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది. సరే, డ్రైవర్ సంగతి.

ముందు నుంచి తీసిన వీడియోలో నీ ఎడమచేతి కణుపులు మూడున్నర కనిపిస్తున్నాయి. నువ్వు పైనుంచి చూసుకుంటే రెండు, మహా అయితే రెండున్నర కనిపించాలి. కుడి అరచెయ్యి షాఫ్ట్ (క్లబ్ కర్ర) కిందకి జారి ఆకాశం చూస్తోంది. ఆ పట్టుతో చేతులు ఇంపాక్ట్ దగ్గర (బంతికి తగిలేటప్పుడు) మామూలు స్థితికి వచ్చేసరికే ఫేస్ మూసుకుపోతుంది. పైగా హుక్ అవుతుందన్న భయంతో కుడికి గురి పెడుతున్నావు. కుడికి గురి పెడితే పాత్ ఇంకా కుడికి పోయి హుక్ ఇంకా పెరుగుతుంది. ఒక్కోసారి నీ ఒంటికే అది తప్పని తెలిసి భుజాలు ఎడమకి లాగేస్తాయి, అప్పుడు డ్రైవర్‌తో కూడా పుల్ పడుతుంది. నాలుగో వీడియోలో జరిగింది అదే. గ్లోవ్ కూడా అరచేతి మడమ దగ్గర చిరిగింది. గ్రిప్ వేళ్ళలో కాకుండా అరచేతిలో కూర్చుంటోందని దాని అర్థం. కొత్తది కొనుక్కో, డబ్బులు చూసుకోకు.

నువ్వున్న ఇర్వింగ్ నుంచి ఫోర్ట్‌వర్త్ ఎంత దూరం? గంట కూడా పట్టదేమో. గోల్ఫర్ బెన్ హోగన్ ఊరు అది. ఆయనంత హుక్‌తో కొట్టుకున్నవాడు లేడు. 1930లో, పదిహేడేళ్ళ వయసులో ప్రొఫెషనల్ అయ్యాడు. చేతిలో డబ్బు అయిపోయి మళ్ళీ మళ్ళీ ఇంటికొచ్చేవాడు. ఒంటరిగా మొదటి ప్రొఫెషనల్ టోర్నమెంట్ గెలిచింది 1940లో, పైన్‌హర్స్ట్‌లో. పదేళ్ళు! హుక్ పూర్తిగా అదుపులోకి రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. ఏం చేశాడో 1955లో లైఫ్ పత్రికకి చెప్పాడు. ఎడమచేతిని అరంగుళం ఎడమకి తిప్పి, బొటనవేలు సరిగ్గా షాఫ్ట్ మీదకి తెచ్చుకున్నాడు. బ్యాక్‌స్వింగ్‌లో ఫేస్ తెరుచుకోనిచ్చి, పైకి చేరాక ఎడమ మణికట్టుని కాస్త వెనక్కి వంచాడు. ఆ తర్వాత ఎంత గట్టిగా కొట్టినా ఫేస్ మూసుకోలేదు. మధ్యలో 1949 ఫిబ్రవరిలో పొగమంచులో బస్సు ఎదురొచ్చి కారుని గుద్దింది. పక్కనున్న భార్యని కాపాడబోయి ఆవిడ మీదకి ఒరిగాడు, ఇద్దరూ బతికారు. మళ్ళీ నడుస్తాడో లేడో అన్నారు. 1950 జూన్‌లో మెరియన్‌లో, కాళ్ళు సహకరించకపోయినా, యూఎస్ ఓపెన్ ప్లేఆఫ్‌లో గెలిచాడు. ఫోర్ట్‌వర్త్‌లోని కలోనియల్ కోర్సులో ఐదుసార్లు గెలిచాడు, విగ్రహం కూడా ఉంది. ఆయనలా ఎండలో పొద్దుగూకేదాకా కొట్టమని నేననడం లేదు, నీకు తలనొప్పి వస్తుంది. టోపీ పెట్టుకో.

అరంగుళం ఒకేసారి తిప్పకు. పావంగుళంతో మొదలుపెట్టు, అదీ డ్రైవర్‌తో వద్దు, ఎనిమిదో ఐరన్‌తో. నేల మీద రెండు కర్రలు పెట్టు, ఒకటి గురి వైపు, రెండోది దానికి సమాంతరంగా పాదాల దగ్గర. నడుం దాకా ఎత్తి నడుం దాకా ఆపే సగం స్వింగులు పది కొట్టు. ఆగిన చోట టో ఆకాశం చూడాలి. ఫేస్ నేల చూస్తోందంటే చేతులు తిప్పేశావన్నమాట. నీ నడుం ఆగిపోయినప్పుడే చేతులు తిరుగుతాయి, కాబట్టి బెల్టు బకిల్ గురి వైపు వచ్చేదాకా తిరుగుతూనే ఉండు. వారం పది రోజులు బంతి కుడికి పోతుంది. పోనీ. పోతోందని మళ్ళీ పాత పట్టుకి వెళ్ళావో, మొదటికొస్తుంది. డ్రైవర్ ఎత్తేముందు ఫేస్ మీద పాదాలకి కొట్టుకునే పౌడర్ స్ప్రే చల్లు. మచ్చ టో వైపు పడుతుంటే సగం హుక్ అక్కడిదే. టో తగిలితే హెడ్ మెలి తిరిగి, బంతికి ఎడమ స్పిన్ వస్తుంది. అప్పుడు గ్రిప్ మార్చే పని లేదు, బంతికి అర అంగుళం దగ్గరగా నిలబడితే చాలు.

అమ్మేద్దామనే అనుకుంటే అమ్ము, నేనేమీ అనను. లై సరిచేయించుకుని, పది రోజులు కొట్టి చూసి అప్పుడు అమ్ము. ఐరన్లు అమ్ము, డ్రైవర్ అమ్ము. పటర్ మాత్రం కుదరదు. అది మావయ్యది.

ఇట్లు,
అమ్మ

తా.క.: కందిపొడి ఫ్రిజ్‌లో పెట్టకు, మెత్తబడుతుంది.