మా చెల్లిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసిన అక్కకి, మిగతా అందరికీ

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం మా చెల్లి కూతురికి బారసాల చేస్తున్నాం. పిలుపులు మొదలుపెట్టే ముందు, కాన్పు వేళ ప్రాణం మీదకొచ్చిన చెల్లిని కాపాడిన మీకు ఈ నాలుగు మాటలు రాయాలని మూడు నెలలుగా అనుకుంటున్నాను. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఆ ఆసుపత్రి వరండా కళ్ళ ముందుకొచ్చి ఆగిపోయేవాణ్ణి. పేర్లు రాయడం లేదు. ఎవరి గురించి చెబుతున్నానో వాళ్ళకి తెలుస్తుంది.

మొదటి కాన్పు కాబట్టి వినాయక చవితి వెళ్ళిన మూడో రోజు చెల్లిని ఇంటికి తీసుకొచ్చాం. అప్పటికి ఏడో నెల. అదే వారం మా వీధిలో కాలవ పని కోసం రోడ్డు తవ్వారు. రెండు మూడు రోజులు కుళాయి నీళ్ళు మట్టి రంగులో, కొంచెం వాసనగా వచ్చాయి. ఫిర్యాదు చేశాం, ఎవరూ రాలేదు. తర్వాత నీళ్ళు తేటగానే వచ్చాయి కదా అని మేమూ మరిచిపోయాం. అవే తాగాం.

దసరా వెళ్ళాక చెల్లికి అన్నం వాసన పడడం మానేసింది. వాంతులు, నీరసం. వేవిళ్ళు మళ్ళీ తిరగబెట్టాయేమో అంది అమ్మ. మూత్రం టీ డికాషన్‌లా వస్తోందని చెల్లి చెబితే, వేడి చేసిందిలే అని సబ్జా నీళ్ళు, మజ్జిగ ఇచ్చింది. ముఖం పచ్చగా ఉన్న మాట నిజమే. కానీ కడుపుతో ఉన్న పిల్ల, రోజూ పసుపు రాసుకుని స్నానం చేస్తోంది. ఆ పసుపే అనుకున్నాం. ఇంట్లో నలుగురం ఉన్నాం, నలుగురమూ అలాగే అనుకున్నాం.

అక్టోబరు 9. ప్రతి నెలా 9వ తేదీన ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకి ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు. ఆశా అక్క పొద్దున్నే వచ్చి చెల్లిని, అమ్మని వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. నేను బండి మీద వెనకాల వెళ్ళాను. లోపల కాలు పెట్టే చోటు లేదు. బరువు చూశారు, బీపీ చూశారు, కార్డులో రాసేశారు. ఇక బయల్దేరుతుంటే చెల్లి, "అక్కా, ఐరన్ మాత్ర వేసుకుంటే వికారంగా ఉంది, మానేయొచ్చా?" అని అడిగింది. అంతే, ఏఎన్‌ఎం అక్క పెన్ను కింద పెట్టి లేచారు. చెల్లి చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. కిందకి చూడమని, పై రెప్ప బొటనవేలితో మెల్లగా ఎత్తారు. రెండో కన్ను కూడా అలాగే చూశారు. తర్వాత నన్ను పిలిచి, "తమ్ముడూ, నువ్వూ చూడు" అన్నారు. తెల్లగుడ్డు నిమ్మపండు రంగులో ఉంది. "ట్యూబ్‌లైటు కింద ఈ పచ్చదనం తెలియదు. ఎండ వెలుతురులోనే తెలుస్తుంది" అన్నారు.

అక్కా, ఆ రోజు మీ ముందు ఇంకా అరవై మంది దాకా ఉన్నారు. మీరు "మాత్ర అన్నం తిన్నాక వేసుకో" అని పంపించేసినా మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. మీరు లేచారు. మా ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉండేది ఆ ఒక్క నిమిషానికి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. కామెర్లు అనగానే అమ్మ ప్రాణం పసరు మందు మీదకి పోయింది. మా వైపు కామెర్లంటే ఆదివారం తెల్లవారుజామున పరగడుపున పసరు తాగించడం, మూడు వారాలు చప్పిడి పథ్యం. మా మేనమామకి అలాగే తగ్గింది. ఆ రోజు గురువారం. "ఆదివారం తీసుకెళ్తాను, అప్పటిదాకా ఇంట్లో ఉంచుతాను" అంది అమ్మ. ఏఎన్‌ఎం అక్క కోప్పడలేదు. అమ్మ పక్కన కూర్చుని, "అమ్మా, మీ తమ్ముడికి తగ్గిన మాట నిజమే. ఈ రకం కామెర్లు చాలామందికి నెలా నెలన్నరలో వాటంతట అవే తగ్గుతాయి. మగవాళ్ళకి తగ్గినట్టు నెలలు నిండుతున్న పిల్లకి తగ్గదు. ఆదివారం దాకా ఆగొద్దు" అన్నారు. మా అమ్మ ఎవరి మాటా వినే మనిషి కాదు. ఆ మాట విన్నది. 108కి ఫోన్ కూడా అక్కే చేశారు. దారిలో రెండుసార్లు వాంతి అయితే, బండిలో ఉన్న అబ్బాయి సొంత చెల్లెల్ని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు. తమ్ముడూ, నీ చొక్కా అంతా పాడైంది. ఆ హడావుడిలో నీకు థాంక్స్ కూడా చెప్పలేదు.

పెద్దాసుపత్రిలో రక్తం తీశారు. కామెర్లు ఎంత ఉన్నాయో చెప్పే బిలిరుబిన్ ఒకటి దగ్గర ఉండాల్సింది 11 దాటింది. రక్తం గడ్డకట్టడం ఎలా ఉందో చెప్పే ఐఎన్‌ఆర్ అనే లెక్క కూడా మామూలుగా ఒకటి ఉంటుంది, చెల్లికి 2.4 వచ్చింది, అంటే రక్తం త్వరగా గడ్డకట్టడం లేదు. మర్నాడు హెపటైటిస్ ఈ అని తేలింది. ఏ, బీ, సీలు విన్నాను గానీ ఈ అనేది ఒకటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మలం కలిసిన నీళ్ళతో వస్తుంది. నోట్లోంచి కడుపులోకి వెళ్ళి లివర్‌ని పట్టుకుంటుంది.

రాత్రి డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరమ్మ నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి ఏదీ దాచకుండా చెప్పారు. వైరస్ ఒంట్లోకి వెళ్ళాక బయటపడడానికి సగటున ఐదారు వారాలు పడుతుందట. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. సరిగ్గా రోడ్డు తవ్విన వారం. మామూలు మనుషుల్లో దీనివల్ల చనిపోయేవాళ్ళు చాలా తక్కువ. ఏడో నెల దాటిన గర్భిణులకి వస్తే మాత్రం నూటికి ఇరవై, ఇరవై ఐదు మంది దాకా చనిపోవచ్చు. ఎందుకు అలా అన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదని చెప్పారు. 1955 చివర్లో ఢిల్లీలో యమునలోంచి తోడే తాగునీళ్ళలో మురుగు కలిసి దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయని, వాళ్ళలోనూ గర్భిణులే ఎక్కువ నష్టపోయారని, అది హెపటైటిస్ ఈ అని ఎన్నో ఏళ్ళకి గానీ తెలియలేదని చెప్పారు. 2005లో మన హైదరాబాద్‌లోనూ ఇదే జబ్బు ప్రబలిందట, అక్కడా మంచినీళ్ళ పైపులు మురుగు పక్కనుంచే. "దీనికి ప్రత్యేకమైన మందు లేదు. ఉన్నవాటిలో ఒకటి కడుపులో బిడ్డకి ప్రమాదం, కాబట్టి వాడం. లివర్ తనంతట తాను కోలుకునే దాకా మనం మనిషిని కాపాడుకుంటూ ఉండాలి" అన్నారు. అప్పుడు ఆ మాటకి భయమేసింది. తర్వాత నాలుగు రాత్రులు ఆవిడ చేసింది చూశాక, కాపాడుకోవడం అంటే ఏంటో అర్థమైంది.

ఆవిడ చెల్లి మంచం దగ్గర చిన్న నోట్‌బుక్ పెట్టారు. రోజుకి మూడుసార్లు చెల్లి చేత సంతకం పెట్టించేవారు. మా చెల్లి చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. మొదటి రోజు సంతకాలు మూడూ చక్కగా ఉన్నాయి. రెండో రోజు సాయంత్రం అక్షరాలు గీత దిగి కిందకి జారాయి. మూడో రోజు రాత్రి తన పేరులో రెండో అక్షరం దగ్గర ఆగిపోయి, పెన్ను వంక చూస్తూ ఉండిపోయింది. నన్ను నాన్న పేరు పెట్టి పిలిచింది. లివర్ పని చేయకపోతే అది శుభ్రం చేయాల్సిన విషం మెదడుకి ఎక్కుతుందని, రక్తపరీక్షతో పాటు ఇలాంటివీ గమనిస్తుండాలని డాక్టరమ్మ ముందే చెప్పి ఉన్నారు. ఆ సంతకం చూడగానే పెద్ద డాక్టరుగారికి ఫోన్ చేశారు. అర్ధరాత్రి ఒంటిగంటకి ఆయన వచ్చారు, అప్పటికప్పుడు ఐసీయూకి మార్చారు. తెల్లారేదాకా ఆగి ఉంటే అని ఇప్పటికీ ఒక్కోసారి నిద్రలో ఉలిక్కిపడుతుంటాను. ఆ నోట్‌బుక్ మా ఇంట్లో దేవుడి అరలో ఉంది.

మర్నాడు నొప్పులు మొదలయ్యాయి. నెలలు నిండలేదు. రక్తం గడ్డకట్టే శక్తి అలా ఉన్నప్పుడు కాన్పు అంటే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. రక్తం గడ్డకట్టడానికి ప్లాస్మా, అంటే రక్తంలోంచి వేరుచేసిన పచ్చటి ద్రవం, కావాలన్నారు. చెల్లిది బీ పాజిటివ్. రక్తమైతే ఓ గ్రూపు అందరికీ పనికొస్తుంది గానీ ప్లాస్మాకి అది తలకిందులు, ఏబీ వాళ్ళది ఎవరికైనా ఎక్కించొచ్చని బ్లడ్‌బ్యాంకులో చెప్పారు. బీ రెండు సంచులు, ఏబీ రెండు సంచులు దొరికాయి. ఫ్రీజర్లోంచి తీసినప్పుడు పేరిన నెయ్యి గడ్డల్లా ఉన్నాయి. గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి ఇస్తే, ఒళ్ళో పెట్టుకుని మెట్లెక్కి పరిగెత్తాను. ఎవరు ఎప్పుడు ఇచ్చిన రక్తమో అది. ఏ కాలేజీ క్యాంపులోనో, ఏ పుట్టినరోజుకో ఇచ్చి ఉంటారు. ఆ నలుగురికీ రెండు చేతులూ జోడించి దండం పెడుతున్నాను. బదులుగా రక్తం ఇవ్వడానికి పని మానుకుని బస్సెక్కి వచ్చిన నా స్నేహితులు ఏడుగురికీ ఇక్కడే చెబుతున్నాను, ఆ రోజు మీరు వస్తారని నాకు ముందే తెలుసురా.

అక్టోబరు 13 మధ్యాహ్నం పాప పుట్టింది. 1,750 గ్రాములు. చెల్లికి రక్తస్రావం అదుపులోనే ఉంది. రెండో రోజు నుంచి ఐఎన్‌ఆర్ దిగడం మొదలుపెట్టింది. బెంగళూరు నుంచి వచ్చిన మా బావ ఆ కాగితం పట్టుకుని వరండాలో నేల మీద కూర్చుని ఏడ్చేశాడు.

పాపని పన్నెండు రోజులు ఎస్‌ఎన్‌సీయూలో, అంటే పసిగుడ్డుల ప్రత్యేక వార్డులో ఉంచారు. అక్కడి సిస్టర్లు గంట గంటకీ చుక్క చుక్కగా పాలు పట్టారు. చెల్లి లేచి కూర్చోలేని రోజుల్లో, మా అమ్మకి జాకెట్టు లోపల పాపని గుండెకి ఆనించుకుని వెచ్చగా ఎలా పెట్టుకోవాలో నేర్పారు. పక్క మంచం మీద ఉన్న బాలింత వాళ్ళ అత్తగారు మాకు పరిచయం కూడా లేరు. వాళ్ళ కోసం తెచ్చిన క్యారేజీలోంచి మూడు పూటలు నాకు అన్నం పెట్టారు. పెద్దమ్మా, మీ చేతి చారు రుచి ఇంకా నోట్లోనే ఉంది.

ఇంటి దగ్గర జరిగింది నాకు తర్వాత తెలిసింది. ఏఎన్‌ఎం అక్క చెల్లిని 108 ఎక్కించి ఊరుకోలేదు. అదే సాయంత్రం ఆశా అక్కతో కలిసి మా వీధిలో ఇల్లిల్లూ తిరిగారు. ఇంకో ఆరుగురికి కళ్ళు పచ్చగా ఉన్నాయి, అందులో ఒకమ్మాయికి ఐదో నెల. ఆ అమ్మాయిని ఆ రాత్రే ఆసుపత్రికి పంపారు. మర్నాడు నీళ్ళు పరీక్షించడానికి మనుషులు వచ్చారు. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరుగుతుంది. మా కుళాయి నీళ్ళు తెల్లగానే ఉండిపోయాయి. మా చెల్లి కళ్ళలో కనిపించిన పసుపు ఆ గొట్టంలో కనిపించి ఉంటే ఇదంతా జరిగేదే కాదు.

ఎక్కడ కలుస్తోందో పట్టుకున్నది మాత్రం ఫిట్టర్ బాబాయ్. నడుము లోతు మురుగులో దిగి, చేత్తో తడుముకుంటూ పైపు వెంట రెండు రోజులు వెతికాడు. కాలవ అడుగున జాయింటు విడిపోయి ఉంది. నీళ్ళు వదిలినంతసేపు అందులోంచి నీరు బయటికి చిమ్ముతోంది, ఆపేశాక మురుగు లోపలికి పోతోంది. బాబాయ్, నువ్వు ఆ రోజు మా అరుగు మీద కూర్చుని, కాఫీ ఇస్తే "చేతులు బాగాలేవమ్మా, గ్లాసు కింద పెట్టు" అన్నావట. అమ్మ ఆ మాట చెప్పుకుని చాలాసార్లు కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు ఆ పైపు కాలవ పైనుంచి వెళుతోంది.

చెల్లి ఇప్పుడు బాగుంది. డిసెంబరు పరీక్షల్లో లివర్ పూర్తిగా మామూలైంది. ఈ వైరస్ ఒంట్లో ఉండిపోయే రకం కాదని, పాపకి పాలు ఇవ్వొచ్చని డాక్టరమ్మ చెప్పారు. పాప మొన్న తూచితే నాలుగు కిలోలు దాటింది. అమ్మ తన పెళ్ళినాటి రాగి గంగాళం అటక మీంచి దించింది. తాగే నీళ్ళు రాత్రే తెర్ల కాచి, చల్లార్చి అందులో పోస్తోంది. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళు అందులోంచే.

ఆదివారం పదకొండు గంటలకి. 108 తమ్ముడూ, ఫిట్టర్ బాబాయ్, సిస్టర్లూ, పెద్దమ్మా, అందరూ రావాలి. డాక్టరమ్మగారూ, మీకు డ్యూటీ అయితే చెప్పండి, పాపని తీసుకుని మేమే వస్తాం. ఏఎన్‌ఎం అక్కా, మిమ్మల్ని మాత్రం నేను వచ్చి బండి మీద తీసుకెళతాను. పాపని మొదట ఉయ్యాల్లో వేసేది మీరేనని చెల్లి పట్టుబట్టింది. మీరు వచ్చేదాకా ఉయ్యాల ఖాళీగానే ఉంటుంది.