ఆరోగ్యశ్రీ కార్డు మందుల షాపులోనూ చెల్లాలి

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో వైద్యానికి నెలల తరబడి ఎదురుచూడాలి, మన దగ్గరైతే సాయంత్రానికల్లా స్కానింగ్ రిపోర్టు చేతికొస్తుంది, అందుకే ఎన్నారైలు పళ్లకీ మోకాళ్లకీ ఇండియా వస్తున్నారు అంటూ ఈమధ్య మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో అబద్ధమేమీ లేదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మా అమ్మాయి వాళ్ల పక్కింటి పెద్దాయన తుంటి ఆపరేషన్ కోసం ఏడాది పైనుంచి ఎదురుచూస్తున్నాడు. 18 వారాల్లో చికిత్స మొదలవ్వాలని అక్కడి ప్రభుత్వ వైద్యానికి నియమం ఉంది గానీ, ఆ గడువు దాటిపోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. అదే పెద్దాయన విజయవాడలో ఉండి, చేతిలో డబ్బుంటే, వారంలో ఆపరేషన్ అయి వాకర్ పట్టుకుని నడిచేవాడు.

ఆ చేతిలో డబ్బు సంగతే వ్యాసంలో ఎక్కడా లేదు. నేను ఉద్యోగమంతా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీల్లో) ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యాను. ఆపరేషన్ థియేటర్ గురించి నాకు పెద్దగా తెలీదు, మందుల కౌంటర్ గురించి తెలుసు. కాబట్టి ఆ కౌంటర్ దగ్గర చూసిందే రాస్తాను.

అమ్మాయి పురుడికి వెళ్లినప్పుడు దానితోపాటు అక్కడి మందుల షాపుకి వెళ్తూ ఉండేదాన్ని. దానికి థైరాయిడ్. ఇంగ్లండులో డాక్టరు రాసిన ఒక్కో మందుకి 9.90 పౌండ్లు కట్టాలి, అసలు ధర ఎంతైనా సరే. వేల్స్, స్కాట్లండ్‌లలో అదీ ఎత్తేశారు. గర్భిణులకీ, బిడ్డ పుట్టాక ఏడాది వరకు తల్లులకీ, పిల్లలకీ, అరవై నిండినవాళ్లకీ ఇంగ్లండులో కూడా పైసా అక్కర్లేదు. షుగరుకి మందులు వాడేవాళ్లకీ, మా అమ్మాయిలా థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకీ ఐదేళ్లు చెల్లే సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉంటే ఆ జబ్బు మందులే కాదు, డాక్టరు ఇంకే మందు రాసినా ఉచితమే. ఊరికే ఏమీ రాదులెండి, వలస వెళ్లిన మనవాళ్ల దగ్గర వీసాతోపాటే పెద్దవాళ్లకి సాధారణంగా ఏడాదికి 1,035 పౌండ్ల ఆరోగ్య సర్‌చార్జీ ముందే కట్టించుకుంటారు. జీతంలో పన్ను వేరే.

డాక్టరు కంప్యూటర్లో రాస్తే చీటీ తిన్నగా షాపుకి వెళ్లిపోతుంది. పేరు, పుట్టిన తేదీ అడిగి కాగితం సంచీ చేతికిస్తారు. లోపల 28 మాత్రల పెట్టె, నాలుగు వారాలకి. ఆ కౌంటర్ మీద నాకు కత్తెర కనపడలేదు. మన మెడికల్ షాపులో కత్తెర లేకపోతే బేరమే లేదు. "బీపీ బిళ్లలు నాలుగివ్వు బాబూ" అంటే స్ట్రిప్ కత్తిరించి ఇస్తారు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. డబ్బున్నవాళ్లెవరూ నాలుగు బిళ్లలు కొనరు.

అలాగని బయటి దేశాలన్నీ ఒకటి కాదు. మా ఆడపడుచు కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఇన్సూరెన్స్ ఉన్నా, డిడక్టిబుల్ అని ఏటా మొదట కొంత తన జేబులోంచే పెట్టుకోవాలి. ఇక్కడికొచ్చి వెళ్లినప్పుడల్లా సూట్‌కేసులో పచ్చళ్లతోపాటు మందులూ వెళ్తాయి. 2019లో అమెరికన్లు కొందరు ఇన్సులిన్ కొనుక్కోవడానికి బస్సులో సరిహద్దు దాటి కెనడా వెళ్లారు. ఆ కెనడాలోనూ డాక్టరు, ఆస్పత్రి ఉచితమే గానీ బయట కొనుక్కునే మందులు అందరికీ ఉచితం కాదు. 2024లో చట్టం చేసి, షుగరు మందులు, గర్భనిరోధకాలతో ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్నారు.

మన ఆరోగ్యశ్రీకి ఉన్న లోటూ అదే. 2007లో రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వం మొదలుపెట్టిన ఆ పథకం ఆంధ్రాలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ. గుండె ఆపరేషన్లకి పొలాలు అమ్ముకునే రోజుల్లో అది ఎంత మేలు చేసిందో నా కళ్లతో చూశాను. కొన్ని ఆపరేషన్ల తర్వాత ఏడాదిపాటు మందులు కూడా ఇస్తారు. కానీ ఆ ఆపరేషన్ దాకా రాకుండా ఆపే రోజువారీ మాత్రకి కార్డు పనికిరాదు.

ఆ మాత్ర పీహెచ్‌సీలో ఉచితమే కదా అంటారు. ఉచితమే, ఉన్నప్పుడు. మూడు నెలలకోసారి ఇండెంట్, అంటే కావలసిన మందుల జాబితా, పెట్టి సెంట్రల్ డ్రగ్ స్టోర్ నుంచి తెచ్చుకుంటాం. మూడో నెల వచ్చేసరికి ఉన్నది అందరికీ సర్దాలి. అప్పుడు నెలకి ఇవ్వాల్సింది పదిహేను రోజులకే ఇస్తాం. మళ్లీ రావాలంటే ఇంకో రోజు కూలి పోతుంది. నాట్లకి వెళ్లే ఒకావిడ నాతో అన్న మాట: "ఎందుకులెండి మేడంగారూ, రోజు విడిచి రోజు ఏసుకుంటాను, నెలంతా వత్తాయి." వద్దని చెప్పాను. చెప్పడం తప్ప నా చేతిలో ఏముంది?

అలా ఏళ్ల తరబడి బీపీ, షుగరు అదుపులో లేనివాళ్లలో కొందరికి కిడ్నీలు పోతాయి. అప్పుడు ప్రభుత్వం డయాలసిస్ ఉచితంగా చేయిస్తుంది, ఆంధ్రప్రదేశ్‌లో నెలకి 10,000 రూపాయల పింఛను కూడా ఇస్తుంది. ఇవ్వాల్సిందే, నేను కాదనను. కానీ చవగ్గా మందులమ్మే జన ఔషధి షాపులో బీపీకి వాడే అమ్లోడిపిన్ మాత్ర రూపాయి కూడా పడదు.

ఇంగ్లండుతో మనకి పోలికేమిటి, వాళ్లు ధనవంతులు అంటారేమో. థాయ్‌లాండ్ 2001-02లో అంత ధనిక దేశమేమీ కాదు. అయినా 30 బాట్లు కడితే, అంటే అప్పటి మన లెక్కలో 35 రూపాయల దరిదాపు, ఓపీ నుంచి ఆపరేషన్ దాకా, మందులతో సహా చూసే పథకం పెట్టింది. అంత దూరం ఎందుకు, తమిళనాడు 1994లోనే మందుల కొనుగోలుకి ప్రత్యేక కార్పొరేషన్ పెట్టుకుంది. 2021 నుంచి బీపీ, షుగరు మందులు ఇంటికే పంపిస్తోంది.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ నేను అడిగేది ఇదీ: బీపీ, షుగరు, థైరాయిడ్, ఫిట్స్, ఈ నాలుగింటి మందులను కార్డు కిందికి తెండి. పీహెచ్‌సీలో నెలకి సరిపడా ఒకేసారి ఇవ్వండి. స్టాకు లేని రోజున అదే చీటీ మీద ఊళ్లోని ప్రైవేటు షాపు ఇచ్చేలా, డబ్బు ప్రభుత్వం కట్టేలా ఏర్పాటు చేయండి. కార్పొరేట్ ఆస్పత్రికి బిల్లు కట్టగలిగిన ఆరోగ్యశ్రీ ట్రస్టు మందుల షాపుకి కట్టలేదా?

మీకూ ఒక మనవి. మార్చి నెలాఖరున మీ విలేకరులను ఏదో ఒక పీహెచ్‌సీకి పంపించి, షుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్, బీపీకిచ్చే అమ్లోడిపిన్ ఎన్ని రోజులకి ఇస్తున్నారో అడిగి అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా