చేపల మందు ప్యాకెట్ మీద మందు పేరు, ఆగాల్సిన గడువు లేకపోవడంపై ఫిర్యాదు

పద్మనాభం మండలం,
విశాఖపట్నం జిల్లా.

కస్టమర్ ఫిర్యాదుల విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. మాది మంచినీటి చెరువు. శీలావతి, బొచ్చె పెంచుతున్నాం. ఈ వానాకాలంలో వరసగా మబ్బు పట్టిన తర్వాత తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం మొదలైంది. చెరువులో వేలాడదీసిన చిల్లుల మేత బస్తాల దగ్గరికి రావడం తగ్గించాయి. వల వేసి చూస్తే రెక్కల మొదళ్లలో, పొట్ట కింద ఎర్ర మచ్చలు కనిపించాయి. కొన్నిటికి పొట్ట ఉబ్బి, పొలుసులు లేచి ఉన్నాయి. రోజూ గట్టున చచ్చిన చేపలు తేలుతుంటే ఏ రైతుకైనా టెన్షనే. అప్పుడే మీ డీలరు మీ కంపెనీ పొడి మందు ఇచ్చి, మేతలో కలపమన్నారు.

ప్యాకెట్ ముందు వైపు "ఎర్ర మచ్చలు, తోక కుళ్లు, పొట్ట ఉబ్బు, చేపపేను అన్నిటికీ ఒకే మందు" అని పెద్ద అక్షరాలతో ఉంది. వెనక్కి తిప్పితే "ప్రత్యేక మిశ్రమం" అన్న మాట, బ్యాచ్ నంబరు, ధర ఉన్నాయి. లోపల ఉన్న మందు పేరు లేదు, ఎంత శాతమో లేదు. మందు వాడాక చేపలు పట్టడానికి ఎన్నాళ్లు ఆగాలో అసలే లేదు. నా ఫిర్యాదు దీని మీదే.

మా గ్రామ మత్స్య సహాయకుడు జబ్బు చేపలను ల్యాబ్‌కు పంపించారు. ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా అని తేలింది. అది చెరువు నీళ్లలో మామూలుగా ఉండేదే. ఆక్సిజన్ పడిపోయి, అమ్మోనియా పెరిగి, చేప నీరసించినప్పుడు లోపలికి చొరబడుతుంది. చేపపేను కుట్టిన గాయం కూడా దానికి దారే. అయితే చేపపేను పురుగు జాతిది, ఇది బ్యాక్టీరియా. రెండిటికీ ఒకే పొడి ఎలా పనిచేస్తుందో మీ సాంకేతిక సిబ్బంది నాకు రాతపూర్వకంగా వివరించాలి.

ఏ మందుకు ఈ బ్యాక్టీరియా లొంగుతుందో తేల్చే పరీక్షకు ముందు ల్యాబ్ వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "ఇప్పటిదాకా ఏ మందు వాడారు?" అని. యాంటీబయాటిక్ ముందే పడి ఉంటే పరీక్ష ఫలితం తారుమారు కావచ్చట. ప్యాకెట్ చూపించాను. వాళ్లకూ ఏమీ అర్థం కాలేదు. మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "ఫార్ములా బయటికి చెప్పం" అన్నారు. జబ్బు చేప ఎలాగూ మేత సరిగ్గా తినదు. చిల్లుల బస్తాలో వేసిన పొడి సగం నీళ్లలోనే కరిగిపోతుంది. అందులో ఉన్నది యాంటీబయాటిక్ అయితే, చాలీచాలని మోతాదు పడి బ్యాక్టీరియా మొండికేస్తుంది. రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ మందు పనిచేయకుండా పోతుంది, అదీ మా ఒక్క చెరువులోనే కాదు. చేతికి గాయాలున్నా వలలు లాగే కూలీలకు కూడా ఏరోమోనాస్ సోకగలదు కాబట్టి ఈ సంగతి నేను తేలిగ్గా తీసుకోలేను.

మందు ఆపేసి, నీళ్లు మార్చి, మేత తగ్గించి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిప్పాం. పీహెచ్ చూసి సున్నం చల్లాం. చచ్చిన చేపలను ఏరి సున్నం వేసి పూడ్చాం. చావులు తగ్గింది ఆ తర్వాతే.

చేపలు కొనడానికి విశాఖ నుంచి వచ్చిన వ్యాపారి ఏం మందు వాడారని అడిగారు. మీ ఫీల్డ్ ప్రతినిధి ఫోన్లో "మూడు రోజులాగి పట్టేయండి" అన్నారు. ఏ లెక్కన? డ్రగ్స్ రూల్స్ 1945లో 97వ రూలు ప్రకారం, తినే జంతువులకు వాడే మందు లేబుల్ మీద ఆగాల్సిన గడువు ఉండాలి. మందుకు ప్రత్యేకంగా గడువు తేల్చి ఉండకపోతే చేపలకు 500 డిగ్రీ రోజులకు తగ్గకూడదు. అంటే రోజువారీ నీటి ఉష్ణోగ్రతను కూడుకుంటూ పోయి 500 దాటేదాకా ఆగాలి. 28 డిగ్రీల నీళ్లలో దాదాపు 18 రోజులు, చలికాలంలో 22 డిగ్రీలుంటే 23 రోజులు. మూడు రోజులకు ఆ లెక్క ఎక్కడా కుదరదు. ఆక్సిటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ చేపలో నిర్ణీత పరిమితి మించకూడదని ఆహార భద్రతా నిబంధనలున్నాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్‌లయితే చేపల్లో పూర్తిగా నిషిద్ధం. మీ పొడిలో వీటిలో ఏదైనా ఉందో లేదో నాకు తెలియదు, కొనేవాళ్లకూ తెలియదు. విశాఖ పూర్ణా మార్కెట్లో ఆ చేపను పిల్లల కోసం కొనుక్కెళ్లే తల్లికి నేనేం చెప్పాలి? అందుకే పట్టుబడి ఆపేశాను. వ్యాపారి వెనక్కి వెళ్లిపోయారు. ఆ తర్వాత చెరువులో చేపలకు వేసిన మేత ఖర్చంతా నా మీద పడింది.

ఈ బ్యాచ్‌లో ఏ మందు ఎంత ఉందో పరీక్ష నివేదికతో సహా నాకు పంపండి. నేను కొన్న ప్యాకెట్ల డబ్బు, పట్టుబడి ఆగిన కాలానికి మేత ఖర్చు చెల్లించండి. ఇదే బ్యాచ్ కొన్న మిగతా రైతులకు డీలర్ల ద్వారా వెంటనే కబురు చేయండి. వాళ్లలో కొందరు ఇప్పటికే చేపలు అమ్ముతూ ఉండొచ్చు, కనుక నా డబ్బు కంటే ముందు ఈ పని జరగాలి. కొత్త ప్యాకెట్ల మీద మందు పేరు, శాతం, ఆగాల్సిన గడువు తెలుగులో, కళ్లద్దాలు లేకుండా చదవగలిగే సైజులో వేయించండి. చేపపేను మాట తీసేయండి.

ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే ఔషధ నియంత్రణ అధికారులకు, విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఇవే కాగితాలతో ఫిర్యాదు చేస్తాను. బిల్లు నకలు, ప్యాకెట్ రెండు వైపులా తీసిన ఫోటోలు, ల్యాబ్ నివేదిక జత చేశాను. విప్పని ప్యాకెట్ ఒకటి నా దగ్గర భద్రంగా ఉంది. పరీక్షకు కావాలంటే సాక్షుల సమక్షంలో అప్పగిస్తాను.

ఇట్లు,
చేపల రైతు,
పద్మనాభం మండలం