చిన్న ఊళ్లకూ మీ పేజీలో చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో యూరప్ విహారం మీద వచ్చిన వ్యాసం చదివాను. శని, ఆదివారాల్లో పారిస్, రోమ్, వెనిస్‌లను ఎలా చుట్టి రావాలో గంటల లెక్కన చక్కగా రాశారు. కానీ అందులో నడక మాటే లేదు. నేను ఉద్యోగరీత్యా యూరప్‌లో ఉంటున్నాను. వేసవిలో అమ్మా నాన్నా వచ్చి కొన్ని వారాలు నా దగ్గర ఉంటారు. ఇలా పెద్దవాళ్లను రప్పించుకునే తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. వాళ్ల తరఫున కూడా ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాన్న పోస్టుమ్యాన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఏ ఊరెళ్లినా వీధులు స్వయంగా తిరిగి తెలుసుకోవాలనుకునే మనిషి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పావుగంట నడిస్తే కాసేపు కూర్చోవాలి. పెద్ద నగరంలో ఇద్దరూ నా చెయ్యి వదలరు. మెట్రోలో ఏ లైను, ఏ గేటు, టికెట్ ఎక్కడ తాకించాలి, ఎక్కడ మారాలి, ఈ టెన్షన్‌తోనే రోజు గడిచిపోతుంది. ఉన్న రెండు రోజుల్లో సగం క్యూల్లో, భూమి కింద పోతుంది. భాష రాని చోట పెద్దవాళ్లు అడుగడుగునా పిల్లల మీద ఆధారపడాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంటుంది.

బెల్జియంలోని లూవెన్‌లో అలా జరగలేదు. బ్రసెల్స్ నుంచి రైల్లో అరగంట కూడా పట్టదు. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా ఒక తిన్నని వీధి. దాదాపు కిలోమీటరు నడిస్తే ఊరి నడిబొడ్డున టౌన్ హాల్ వచ్చేస్తుంది. 15వ శతాబ్దపు ఆ భవనం గోడల నిండా 236 విగ్రహాలున్నాయి. గూళ్లు అప్పుడే కట్టినా, వాటిలోకి విగ్రహాలు చేరింది 19వ శతాబ్దంలోనే. నాన్న వాటి ముందు చాలాసేపు నిలబడ్డారు. మర్నాడు పొద్దున మేము లేచేసరికే ఒక్కరూ బయటికి వెళ్లి తిరిగొచ్చారు. ఒక చివర స్టేషన్, ఇంకో చివర టౌన్ హాల్, దారి తప్పడానికి ఏముంది అన్నారు. ఎవరినీ ఏమీ అడగకుండా పరాయి దేశంలో ఒక ఊరు తిరిగొచ్చిన ఆనందం ఆయన మొహంలో కనిపించింది. అది ఏ మ్యూజియం టికెట్‌తోనూ వచ్చేది కాదు.

అలాంటి ఊరిని వెతకడం కష్టమేమీ కాదు. ఇక్కడి పాత ఊళ్లు చాలావరకు కోటగోడల మధ్య పెరిగినవి. గోడ దాటి విస్తరించే వీల్లేక ఇళ్లు, గుడి, బజారు అన్నీ దగ్గర దగ్గరగా కట్టుకున్నారు. తర్వాతి కాలంలో చాలాచోట్ల గోడలు కూల్చేసి ఆ స్థలంలోనే చుట్టూ రోడ్డో, పార్కులో వేశారు. మ్యాప్ తెరిస్తే ఆ వలయం ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. వలయం అడ్డకొలత కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్లు ఉండి, స్టేషన్ దాని అంచునే ఉంటే నాకు అదే మంచి ఊరు. బస కూడా వలయం లోపలే చూసుకుంటాను. మధ్యాహ్నం అమ్మ గదికొచ్చి నడుం వాల్చి, సాయంత్రం మళ్లీ బయల్దేరడానికి వీలవుతుంది.

ఇటలీలోని లుక్కాలో ఆ గోడ ఇంకా నిలిచే ఉంది. 16, 17 శతాబ్దాల్లో కట్టిన ఆ గోడ చుట్టుకొలత 4 కిలోమీటర్ల పైచిలుకు. దాని పైభాగం ఇప్పుడు వెడల్పాటి చెట్ల దారి. నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు తప్ప వాహనాలు ఉండవు. నేల చదునుగా ఉంటుంది, నీడ ఉంటుంది, కూర్చోవడానికి బెంచీలు ఉంటాయి. అమ్మ తన ఓపికను బట్టి నడిచి, కూర్చుని, ఇంకొంచెం నడిచింది. స్టేషన్ గోడకు ఆనుకున్నంత దగ్గర. పీసా నుంచి రైల్లో అరగంట ప్రయాణం. పీసా గోపురం దగ్గర ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

పేరున్న నగరం పక్కనే ఇలాంటి ఊరు దాదాపు ఎప్పుడూ ఒకటి ఉంటుంది. వెనిస్‌లో జనం ఎంత పెరిగిపోయారంటే, 2024 నుంచి రద్దీ రోజుల్లో ఒక్కరోజు కోసం వచ్చేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. అక్కడికి రైల్లో అరగంట దూరంలోని పాదువాలో 1222 నాటి విశ్వవిద్యాలయం ఉంది, గెలీలియో 18 ఏళ్లు పాఠాలు చెప్పిన చోటు. వీధుల పక్కన కప్పున్న వసారాలు బారులు తీరి ఉంటాయి కాబట్టి ఎండైనా వానైనా నడక ఆగదు. జొట్టో అనే పాతకాలపు చిత్రకారుడి గోడచిత్రాలున్న చిన్న చర్చి, స్క్రొవెన్యీ చాపెల్, స్టేషన్ నుంచి ఊళ్లోకి వెళ్లే దారిలోనే వస్తుంది, కాకపోతే ముందే బుక్ చేసుకోవాలి. యూనివర్సిటీ ఉన్న ఊళ్లంటే నాకు మరీ ఇష్టం. అవి టూరిస్టుల మీద బతకవు. పొద్దున్నే క్లాసులకు, ఆఫీసులకు నడిచి వెళ్లేవాళ్లతో వీధులు సందడిగా ఉంటాయి.

దూరం తక్కువైతే సరిపోదు, ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. లూవెన్‌లోనే గ్రోట్ బెగైన్‌హోఫ్ అనే పాత వాడ ఎంత అందంగా ఉంటుందో, అక్కడ పరిచిన ఎగుడుదిగుడు రాళ్లు మోకాళ్లను అంత బాధపెడతాయి. చక్రాల సూట్‌కేసుకైతే చెప్పనక్కర్లేదు. కొండమీది ఊళ్లు మ్యాప్‌లో చిన్నగానే కనిపిస్తాయి గానీ ఎక్కేసరికి ప్రాణం పోతుంది. ఇటలీలోని కొండమీది ఊరు పెరూజియాలో పాత కోట లోపలి నుంచే ఎస్కలేటర్లు పెట్టారు. అలాంటి ఏర్పాటు లేని ఊరికి పెద్దవాళ్లతో నేను వెళ్లను.

స్పెయిన్‌లోని పోంతెవెద్రా గురించి మీరు ప్రత్యేకంగా రాయాలి. సుమారు 80 వేల జనాభా ఉన్న ఊరు. 1999లో మేయరైన ఫెర్నాండెస్ లోరెస్ వృత్తిరీత్యా డాక్టరు. వచ్చీ రాగానే పాత ఊళ్లో కార్లను కట్టడి చేశారు. ఆ ఊరివాళ్లు మెట్రో మ్యాప్ లాంటిది ఒకటి గీసుకున్నారు, కానీ అందులో రైళ్లుండవు. ఎక్కడి నుంచి ఎక్కడికి ఎన్ని నిమిషాల నడకో రంగురంగుల గీతలతో చూపిస్తారు. గంటకు 5 కిలోమీటర్ల లెక్క అది. మా అమ్మలాంటి వాళ్లు ఆ నిమిషాలకు ఇంకో సగం కలుపుకోవాలి.

మీరు ఏ ఊరి గురించి రాసినా, స్టేషన్ నుంచి నడిబొడ్డుకు ఎన్ని నిమిషాల నడక, దారి చదునా ఎత్తా, నేల ఎలాంటిది, నీడా బెంచీలూ టాయిలెట్లూ ఉన్నాయా, ఈ వివరాలు కూడా వేయండి. దూరదేశాల్లో ఉన్న మీ పాఠకులు తమకు దగ్గరలోని చిన్న ఊళ్ల గురించి సంతోషంగా రాసి పంపుతారు. లూవెన్ గురించి, ఏ వీధిలో రాళ్లున్నాయో ఏ మలుపులో బెంచీ ఉందో సహా, నేను రాసి పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు